కూలి కొలిచిన కుంచం, పిల్లల్ని కొలిచే పరీక్ష: విద్యా మనోవిజ్ఞాన పరిశోధకుల శిక్షణ గురించి

తెనాలి చుట్టుపక్కల పల్లెల్లో ముసలివాళ్ళని కదిలిస్తే కుంచాల సంగతి చెప్తారు. కూలి గింజల రూపంలో ఇచ్చే రోజుల్లో కొందరు ఆసాముల ఇళ్ళల్లో రెండు కుంచాలు ఉండేవట. కూలి కొలిచే కుంచం ఒకటి, అప్పు తిరిగి కొలిపించుకునే కుంచం ఒకటి. రెండింటినీ కుంచమనే పిలిచేవాళ్ళు. తేడా ఉందని పల్లెలో అందరికీ తెలుసు. కానీ కుంచాన్నే పట్టుకుని కొలిచి చూపించే అధికారం పల్లెకు లేదు.

కొలకలూరులో కూచుని విద్యా మనోవిజ్ఞాన శాస్త్రం గురించి రాయబోతే మాకు మొదట గుర్తొచ్చింది ఈ కుంచమే. బడిలో మన పిల్లల్ని ‘మందకొడి’ అనీ, ‘వెనుకబడినవాడు’ అనీ తేల్చే పరీక్షలు కూడా కుంచాలే. వాటిని వాడే మనుషుల్ని విశ్వవిద్యాలయాలు తయారుచేస్తున్నాయి. ఆ మనుషులకు కొలవటం నేర్పుతున్నారు. కుంచాన్ని అనుమానించటం నేర్పుతున్నారా?

ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. అనువర్తిత పరిశోధనలో శిక్షణ అంటే పిల్లవాడి కంటే ముందు మూడింటిని పరీక్షించటం నేర్పాలి. కొలిచే సాధనాన్ని, కొలిచే మనిషిని, కొలిచే చోటును. ఈ మూడూ లేని శిక్షణ పాత కుంచానికి కొత్త సర్టిఫికెట్ ఇవ్వటమే అవుతుంది.

1. ఇప్పుడు నడుస్తున్న శిక్షణ

మన దగ్గర విద్యా మనోవిజ్ఞానం ప్రధానంగా రెండు దారుల్లో బోధిస్తారు. ఒకటి మనస్తత్వ శాస్త్రంలో ఎం.ఏ., రెండోది బి.ఇడి., ఎం.ఇడి. వంటి ఉపాధ్యాయ శిక్షణ. రెండింట్లోనూ పరిశోధనా పద్ధతుల పేపరు ఉంటుంది. ప్రతిచయనం, చరాలు, పరికల్పన, విశ్వసనీయత, సప్రమాణత, సహసంబంధం అన్నీ విద్యార్థి కంఠతా పడతాడు. తర్వాత పరిశోధన చేయమంటారు. ఆగ్రా నుంచో ఢిల్లీ నుంచో అచ్చయి వచ్చిన పరీక్ష ఒకటి తెప్పించుకుంటాడు. నాలుగు బళ్ళు తిరిగి రెండు వందల మంది పిల్లలతో నింపిస్తాడు. ‘టి’ విలువ కడతాడు. చివరి అధ్యాయంలో ‘సాంఘిక ఆర్థిక స్థితి తక్కువ ఉన్న విద్యార్థుల సాధన తక్కువగా ఉంది, కావున తల్లిదండ్రుల్లో చైతన్యం కలిగించాలి’ అని రాస్తాడు.

ఈ వాక్యాన్ని మేము ఎన్ని సిద్ధాంత గ్రంథాల్లో చదివామో లెక్కలేదు. ఎప్పుడూ తల్లిదండ్రుల్లోనే చైతన్యం కలిగించాలి. ఉపాధ్యాయుడిలో, పాఠ్యపుస్తకంలో, పరీక్షలో లోపం వెతకమని పరిశోధకుడికి ఎవరూ చెప్పలేదు. చెప్పనిది అతను వెతకలేదు.

బి.ఇడి.లో ‘చర్యాత్మక పరిశోధన’ అని ఇంకొకటి ఉంది. ఒక సమస్య తీసుకుని, బడిలోనే ప్రయత్నం చేసి, ఫలితం చూసి, మళ్ళీ సరిదిద్దుకునే పద్ధతి. ఈ పేరుకు ప్రాచుర్యం తెచ్చిన కర్ట్ లెవిన్ 1946లో రాసిన వ్యాసం శీర్షికలోనే ‘మైనారిటీల సమస్యలు’ అన్న మాట ఉంది. నాజీల జర్మనీ విడిచి వచ్చిన యూదు శాస్త్రవేత్త ఆయన. వివక్షను తగ్గించటానికి శాస్త్రం ఎట్లా పనికొస్తుందన్నది ఆయన ప్రశ్న. 1953లో స్టీఫెన్ కోరీ ఈ పద్ధతిని బడి ఉపాధ్యాయుల కోసం పుస్తకంగా రాశాడు. మన దగ్గరికి వచ్చేసరికి అది ‘ఏడో తరగతి విద్యార్థుల చేతిరాత దోషాలు’ అనే రికార్డు పుస్తకంగా మిగిలింది. చాలాచోట్ల ఆ రికార్డు సీనియరు దగ్గర తీసుకుని తిరగరాసిందే. పద్ధతి వచ్చింది, అది పుట్టిన కారణం రాలేదు.

2. అమ్మకు మేము వేసిన మార్కు

ఇక్కడ మా సంగతి కొంచెం చెప్పాలి. మా ఇంట్లో విశ్వవిద్యాలయం గడప తొక్కిన మొదటి మనిషి ఈ వ్యాసం రాస్తున్నవారే. పరిశోధనలో మొదటి పాఠంగా మా చేతికి వచ్చింది ఉదయ్ పరీక్, జి. త్రివేది 1964లో రూపొందించిన గ్రామీణ సాంఘిక ఆర్థిక స్థితి మాపని. దేశంలో విద్య, వ్యవసాయ విస్తరణ, ప్రజారోగ్య పరిశోధనల్లో విస్తారంగా వాడిన సాధనం అది. అందులో తొమ్మిది అంశాలు ఉంటాయి. కులం, వృత్తి, చదువు, సంఘాల్లో పాల్గొనటం, భూమి, ఇల్లు, పశువుల వంటి సాగు బలం, వస్తువులు, కుటుంబం. ఒక్కో అంశానికి మార్కులు వేసి కూడాలి.

కులం దగ్గర షెడ్యూల్డు కులానికి ఒకటి. అక్కణ్ణుంచి మెట్టు మెట్టుకీ పెరిగి ఆధిపత్య కులానికి ఆరు.

సాధనాన్ని పరీక్షించి చూడటానికి మేము దాన్ని మా ఇంటితోనే నింపాం. మా అమ్మ పేరు రాసి, కులం ఎదురుగా ‘ఒకటి’ వేశాం. ఆ రోజు మాకేమీ అనిపించలేదు. సాధనం సరిగ్గా వాడామా లేదా అన్నదే మా ధ్యాస. ఏళ్ళు గడిచాక గాని తెలియలేదు, కుంచం పట్టుకున్న చెయ్యి ఈసారి మాదేనని.

ఆ మాపని చేసినవాళ్ళని తిట్టటం మా ఉద్దేశం కాదు. ఊళ్ళో ఉన్న అసమానతను వాళ్ళు నమోదు చేశారు. ఉన్నది ఉన్నట్టు రాయటం తప్పు కాదు. తప్పు కూడికలో ఉంది. సైకిలు, రేడియో, కులం – మూడింటికీ మార్కులు వేసి కలిపేశాక చివర ఒక అంకె మిగులుతుంది. ఆ అంకెకూ పిల్లవాడి మార్కులకూ సహసంబంధం కడితే ‘స్థితి తక్కువ, సాధన తక్కువ’ అని వస్తుంది. సైకిలు లేకపోవటం వేరు. మంచినీళ్ళ కుండ దగ్గర ఎడంగా నిలబడాల్సి రావటం వేరు. కులం ఒక వస్తువు కాదు, ఇద్దరు మనుషుల మధ్య ఉండే సంబంధం. ఒకడికి ఒకటి రావటానికి కారణం ఇంకొకడు ఆరు తీసుకోవటమే. కూడికలో ఈ రెండోవాడు మాయమైపోతాడు.

శిక్షణలో ఈ ఒక్క సాధనాన్ని ముందు పెట్టుకుని ‘దీన్ని ఎవరు చేశారు, ఎందుకు చేశారు, కూడితే ఏం పోతుంది’ అని ఒక వారం చర్చిస్తే చాలు. పరిశోధనా పద్ధతుల పేపరు సగం అర్థమవుతుంది.

3. నమ్మకమైన తప్పుడు తూకం

పరీక్ష మంచిదని చెప్పటానికి రెండు గుణాలు చూపిస్తారు. మొదటిది విశ్వసనీయత. ఎన్నిసార్లు కొలిచినా దాదాపు అదే ఫలితం రావాలి. రెండోది సప్రమాణత. దేన్ని కొలుస్తానని చెప్పిందో దాన్నే కొలవాలి.

ఇది తెనాలి ప్రాంతపు కూలివాళ్ళకి చెప్పాల్సిన పని లేదు. కల్లం దగ్గర ధాన్యం కాటా వేస్తారు. కాటాలో మోసం ఉండి ప్రతి బస్తాకూ సరిగ్గా రెండు కిలోలు తక్కువ చూపిస్తోందనుకోండి. పదిసార్లు వేసినా అదే రెండు కిలోలు. అంటే ఆ కాటాకు విశ్వసనీయత పూర్తిగా ఉంది. సప్రమాణత లేదు. చాలా సిద్ధాంత గ్రంథాలు విశ్వసనీయతా గుణకం ఒకటి చూపించి సాధనం మంచిదని సరిపెట్టేస్తాయి. కాటా నిలకడగా తప్పు చెప్తోందేమోనన్న ప్రశ్న అక్కడ రాదు.

ప్రజ్ఞాపరీక్షల సంగతీ ఇంతే. 1905లో పారిస్‌లో బినే, సైమన్ మొదటి పరీక్ష చేసింది బడిలో అదనపు సాయం ఎవరికి కావాలో తెలుసుకోవటానికి. తెలివి మారని పదార్థమన్న వాదాన్ని బినే ఒప్పుకోలేదు. ఆ పరీక్ష సముద్రాలు దాటాక పుట్టుకతో వచ్చే తెలివికి కొలబద్దగా మారింది. మన దేశంలో 1930ల్లో వి.వి. కామత్ దాన్ని కన్నడ, మరాఠీ పిల్లల కోసం మార్చాడు. చదువురానివాళ్ళకూ పనికొచ్చేట్టు భాటియా 1955లో చేతిపనుల పరీక్షలు తెచ్చాడు. ఇవన్నీ నిజాయితీగా చేసిన ప్రయత్నాలే. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. సగటు ఎవరి పిల్లల మీద కట్టారు? ఆ సగటులో మాలపల్లె, మాదిగపల్లె పిల్లలు ఎంతమంది? ప్రమాణీకరణ అంటే ఇదే. ఎవరిని నిలబెట్టి గీత గీశారో వాళ్ళ ఎత్తే అందరికీ కొలత అవుతుంది.

పుట్టుకతో గుణం వస్తుందని నమ్మిన పాలన ఏం చేసిందో బాపట్ల పక్కనే కనపడుతుంది. 1871లో మొదలైన నేరస్థ జాతుల చట్టాల కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి, 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ పెట్టారు. ఆ ఊరి పిల్లవాడు నేరం చేయకముందే నేరస్థుడు. చట్టం 1952లో రద్దయింది. ముద్ర మాత్రం చట్టంతోపాటు పోలేదు. మనిషి మీద అంకె వేసేవాడు ఆ అంకె ఎంతకాలం బతుకుతుందో కూడా ఆలోచించాలి.

4. బయటి దేశాల్లో నిలదీసినవాళ్ళు

బడి కోసం మనస్తత్వవేత్తను ఉద్యోగంలో పెట్టుకోవటం ఇంగ్లండులో 1913లో మొదలైంది. లండన్ కౌంటీ కౌన్సిల్ సిరిల్ బర్ట్‌ను నియమించింది. తెలివి చాలావరకు వారసత్వమేనని బర్ట్ జీవితమంతా వాదించాడు. 1971లో ఆయన చనిపోయాక లియాన్ కామిన్ ఆ లెక్కలు తిరగేసి, 1974లో అవి నమ్మదగ్గవి కావని చూపించాడు. వేర్వేరు ఏళ్ళలో కవలల సంఖ్య మారినా సహసంబంధం మూడో దశాంశం దాకా మారకుండా ఉండిపోయింది. ఇన్నాళ్ళూ ఎవరూ కుంచాన్ని తిరగేసి చూడలేదన్నమాట.

అదే 1971లో బెర్నార్డ్ కోర్డ్ అనే గ్రెనడా దేశపు ఉపాధ్యాయుడు లండన్‌లో ఒక చిన్న పుస్తకం రాశాడు. వెస్టిండీస్ నుంచి వచ్చిన నల్లపిల్లల్ని మందబుద్ధుల బళ్ళకు ఎట్లా తోస్తున్నారో అందులో విడమరిచాడు. పరీక్షలో మూడు రకాల పక్షపాతం ఉందన్నాడు. సంస్కృతి, వర్గం, కొత్తచోట బెదిరిపోయిన పిల్లవాడి మానసిక స్థితి. ఆ పుస్తకం పరిశోధకుల కోసం కాక నల్లజాతి తల్లిదండ్రుల కోసం రాశాడు.

అమెరికాలో ‘లారీ పి.’ కేసు ఉంది. కాలిఫోర్నియాలో 1968–69లో బడిపిల్లల్లో నల్లపిల్లలు 9 శాతం. మందబుద్ధుల తరగతుల్లో వాళ్ళు 27 శాతం. నల్లజాతి మనస్తత్వవేత్తలు కేసు వేసిన పిల్లల్ని మళ్ళీ పరీక్షించారు. వాళ్ళకు తెలిసిన మాటల్లో అడిగి, ముందు చనువు కలిగించి పరీక్షిస్తే ఆ పిల్లలు ‘మందబుద్ధి’ గీత దాటిపోయారు. 1979లో జడ్జి పెకమ్ నల్లపిల్లల్ని ఆ తరగతుల్లో వేయటానికి ప్రజ్ఞాలబ్ధి పరీక్షలు వాడొద్దని తీర్పు ఇచ్చాడు.

ఇక్కడ గమనించాల్సింది ఏందంటే, ఈ పని చేసింది శిక్షణ పొందినవాళ్ళే. నల్లజాతి మనస్తత్వవేత్తలు లేకపోతే ఆ పునఃపరీక్ష లేదు. మనవాళ్ళు ఈ శాస్త్రంలోకి ఎందుకు రావాలో ఇంతకంటే మంచి జవాబు లేదు.

5. మన దేశపు రుజువులు

‘అది తెల్లోళ్ళ గొడవ, మన దగ్గర పిల్లవాడు పిల్లవాడే’ అనేవాళ్ళున్నారు. కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో చేసిన ప్రయోగం 2006లో అచ్చయింది. ఆరు, ఏడు తరగతుల మగపిల్లలు, పై కులాల నుంచి 321 మంది, కింది కులం నుంచి 321 మంది. కాగితం మీద చిక్కుదారి బొమ్మలు ఇచ్చి దారి కనుక్కోమన్నారు. కులం ఎత్తకుండా ఆడించినప్పుడు రెండు గుంపులూ సమానంగా చేశాయి. అందరి ముందూ పేరుతోపాటు కులం చదివి వినిపించినప్పుడు కింది కులం పిల్లల ఫలితం బాగా పడిపోయింది. కాగితం, బొమ్మలు మారలేదు. మారింది గదిలో పలికిన ఒక్క మాట. ఆ గదిలో కొలిచింది పిల్లవాడి తెలివినా, గదినా?

రీమా హానా, లీ లిండెన్ 2012లో ప్రచురించిన పరిశోధన దిద్దేవాళ్ళ గురించి. జవాబు పత్రాల మీద పిల్లల కులం, వయసు, ఆడా మగా అన్న వివరాలను లాటరీ పద్ధతిలో మార్చి వేసి ఉపాధ్యాయులతో దిద్దించారు. కింది కులమని రాసి ఉన్న పత్రాలకు కొద్దిగా తక్కువ మార్కులు పడ్డాయి. తేడా పెద్దది కాదు గాని ఉంది. మింగుడుపడని విషయం ఇంకొకటి కూడా తేలింది. ఆ తేడా ఎక్కువగా కనపడింది కింది కులాల నుంచి వచ్చిన ఉపాధ్యాయుల దిద్దుబాటులోనే. దీన్ని మేము దాచదలచుకోలేదు. పల్లె నుంచి వచ్చినంత మాత్రాన చేతిలో కుంచం సరైపోదు. అమ్మకు ఒకటి వేసిన మాకు ఇది బాగా తెలుసు. అందుకే శిక్షణ అందరికీ కావాలి, మనకు కూడా.

6. కొలకలూరులో అయితే ఎట్లా

ఒక విద్యార్థికి నిజమైన శిక్షణ ఇవ్వాలంటే ఏం చేయాలో కొలకలూరును ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

మొదట రిజిస్టరు. అడ్మిషన్ రిజిస్టరులో ఎస్.సి. అన్న గడి చూసి ప్రతిచయనం తీస్తే ఇక్కడ లెక్క తప్పుతుంది. ఈ డెల్టాలో క్రైస్తవం పుచ్చుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్.సి. హోదా లేదు. వాళ్ళు మన రాష్ట్రంలో బి.సి. – సి గ్రూపు. ఒకే వాడలో, ఒకే ఇంటిపేరుతో ఉన్న ఇద్దరు పిల్లలు రిజిస్టరులో రెండు గడుల్లో ఉండొచ్చు. ఇక మాల, మాదిగ, రెల్లి అందరినీ ఒకే అంకెగా చూస్తే లోపలి తేడా కనపడదు. వర్గీకరణ చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న చెప్పింది. పరిశోధకులు మాత్రం ఇంకా ‘ఎస్.సి., ఇతరులు’ అని రెండు గళ్ళు గీసి ఊరుకుంటున్నారు.

రెండోది కాలం. నాట్లప్పుడు, కోతలప్పుడు, మినుము పీకేటప్పుడు పెద్దవాళ్ళంతా పొలంలో ఉంటారు. చంటిపిల్లల్ని చూసుకోటానికి పెద్దపిల్ల ఇంట్లో ఆగుతుంది. ఆ వారంలో పరీక్ష పెట్టి ‘గైర్హాజరు ఎక్కువ, ఆసక్తి తక్కువ’ అని రాస్తే అది పంటను కొలిచినట్టు. కాలం అంటే పంటకాలమే కాదు. తెనాలి పక్కనున్న చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. పల్లె జనం తెనాలికి చేరి తలదాచుకున్నారు. ఆ ఏడాది ఆ పిల్లలకు సాధన పరీక్ష పెట్టి ఉంటే వచ్చిన మార్కు దేనికి కొలత? ఇలాంటి ప్రశ్న పాఠ్యప్రణాళికలో ఉండాలి.

మూడోది భాష. ‘ఏంది, యాడ, అట్టా, బువ్వ’ అనే పిల్లకు పుస్తకం భాషలో ప్రశ్న అడిగి, జవాబు రాకపోతే పదజాలం తక్కువంటున్నారు. శిక్షణలో విద్యార్థి మొదటి నెల పరీక్షే పెట్టకూడదు. పిల్లలు ఆటల్లో, పనుల్లో వాడే మాటలు సేకరించాలి. తర్వాత తయారుచేసిన ప్రశ్నల్ని విడివిడిగా చూడాలి. మొత్తం మీద సమానంగా చేసిన రెండు గుంపుల్లో ఒక ప్రశ్న దగ్గర మాత్రం ఒక గుంపే తప్పుతుంటే, ఆ ప్రశ్నలో ఏదో ఉంది. అప్పుడు తీసేయాల్సింది ప్రశ్నను.

నాలుగోది బడి. ఎవరు ఏ వరసలో కూచుంటున్నారు, ఉపాధ్యాయుడు గంటలో ఎవర్ని ఎన్నిసార్లు ప్రశ్న అడిగాడు, చీపురు ఎవరి చేతిలో ఉంది, ఎవర్ని పేరుతో, ఎవర్ని ‘ఒరేయ్’ అని పిలిచారు. వీటికి గీతలు గీసి లెక్కపెట్టటం కష్టం కాదు. ఇద్దరు పరిశీలకులు విడివిడిగా లెక్కపెట్టి పోల్చుకుంటే విశ్వసనీయత కూడా వస్తుంది. ఇది కూడా సంఖ్యాశాస్త్రమే.

అయిదోది తిరిగి చెప్పటం. పల్లెలో ఒక తల్లి మమ్మల్ని అడిగింది: ‘ఈ కాయితాలన్నీ నింపుకుపోతే మావోడికి ఒరిగేదేంది నాయనా?’ పరిశోధనా నీతి మీద ఎంత పెద్ద అధ్యాయం రాసినా ఈ ప్రశ్నకు లోబడే ఉండాలి. ఫలితాలు గైడు కంటే ముందు పల్లెలో చదివి వినిపించాలి. ‘ఇది మా సంగతేనా’ అని వాళ్ళు చెప్పాలి. సప్రమాణతకు అంతకంటే మంచి పరీక్ష మాకు తెలియదు.

7. కొలతే వద్దనటం లేదు

ఇదంతా చదివి ‘పరీక్షలన్నీ బ్రాహ్మణీయమే, తగలబెడదాం’ అనే మిత్రులు ఉంటారు. మేము ఒప్పుకోం. మన పిల్లల్లో కూడా వినికిడి తక్కువవాళ్ళు, అక్షరాలు తారుమారయ్యేవాళ్ళు ఉన్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని గుర్తించింది. పట్నంలో డబ్బున్న ఇంటి పిల్లవాడికి ఆ లోపం ఉంటే పరీక్ష చేయిస్తారు, సర్టిఫికెట్ వస్తుంది, పరీక్షలో అదనపు సమయం దొరుకుతుంది. పల్లె పిల్లవాడికి అదే లోపం ఉంటే ‘వాళ్ళంతేలే’ అంటారు. లేని లోపం అంటగట్టటం ఒక అన్యాయం, ఉన్న లోపాన్ని కులం ఖాతాలో రాసేయటం ఇంకొకటి. మంచి సాధనం, మంచి శిక్షణ లేకపోతే రెండూ జరుగుతాయి.

ఇంగ్లండులో విద్యా మనస్తత్వవేత్త కావాలంటే 2006 నుంచి మూడేళ్ళ డాక్టరేటు స్థాయి శిక్షణ. అందులో బడుల్లో పని, పరిశోధన కలిసి నడుస్తాయి. మన మండలాల్లో అట్లాంటి ఉద్యోగిని మేము చూడలేదు. భవిత కేంద్రాల ఉపాధ్యాయులే ఉన్నంతలో నెట్టుకొస్తున్నారు. పోస్టులు అడగాలి. వచ్చే పోస్టులో కూచునే మనిషికి ఎట్లాంటి శిక్షణ ఉండాలో కూడా ఇప్పుడే అడగాలి.

కొలతను మన పక్షాన వాడటం ఎట్లాగో అంబేద్కర్ చూపించాడు. 1928లో సైమన్ కమిషన్‌కు బొంబాయి రాష్ట్రంలో అణగారిన వర్గాల చదువు మీద ఆయన ఒక నివేదిక ఇచ్చాడు. జనాభాలో ఏ వర్గం ఎన్నో స్థానం, బడిలో ఎన్నో స్థానం, కాలేజీలో ఎన్నో స్థానం అని పక్కపక్కన పెట్టాడు. పిల్లల తెలివి గురించి ఆ పట్టికలో ఒక్క గడీ లేదు. కొలిచింది ప్రభుత్వాన్ని. అంకె పట్టుకున్నాక ఎవరి వైపు తిప్పాలన్నదే అసలు పద్ధతి.

ఉపాధ్యాయ మిత్రులకూ, శిక్షణలో ఉన్న విద్యార్థులకూ ఒక చిన్న పని చెప్పి ముగిస్తాం. ఒకే జవాబు పత్రానికి రెండు నకళ్ళు తీయండి. ఒకదాని మీద పల్లె పేరు, ఒకదాని మీద ఊరి పేరు ఊహించి రాయండి. ఎవరికీ రెండూ చేరకుండా పదిమంది పదిమంది తోటివాళ్ళకు పంచి దిద్దించండి. తర్వాత అందరినీ కూచోబెట్టి జరిగింది చెప్పి, అంకెలు బోర్డు మీద వేయండి. తేడా రావచ్చు, రాకపోవచ్చు. ఏది వచ్చినా ఈ పత్రికకు రాయండి. కుంచాన్ని ఒకసారి మన చేత్తో కొలిచి చూసినట్టవుతుంది.